ఆరుకాళ్ళ అమర్‌సింగ్ – 9 : ఉన్నచోటే తొక్కుడు

పోయిన వారం మనం అమర్‌సింగ్‌ను మానుకోట బస్ డిపో ఎదురుగా ఉన్న సమ్మె టెంటు వెనకాల, నెత్తికి రెండు చేతులూ పెట్టించి కూర్చోబెట్టి వచ్చాం. వారం రోజులుగా మనిషి అట్లాగే ఉన్నాడేమోనని బెంగపడకండి. అతనికి గడిచింది ఒక్క రాత్రే. ఆ రాత్రి కూడా జొన్నరొట్టెలు నాలుగు లాగించి, గుర్రు పెట్టి పడుకున్నాడని అతని భార్య జమ్లీయే చెప్పింది.

కథ ఎక్కడుందో నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. అమర్‌సింగ్ బస్సు మెకానిక్కు. బయ్యారం పక్క తండాలో పుట్టి, ఇరవై ఆరేళ్ళుగా ఈ డిపోలో ఇంజన్లు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయి నేటికి పన్నెండు రోజులు. చేతికి పుట్టెడు తీరిక దొరికేసరికి, ముప్పై ఏళ్ళుగా మనసులో దాచుకున్న పురుగు బయటికొచ్చింది: ఆరు కాళ్ళతో నడిచే యంత్రం. తుక్కు బస్సు కిటికీల అల్యూమినియంతో కాళ్ళు, సీటు చెక్కతో వీపు, టైరు ముక్కలతో పాదాలు. మేకపిల్లంత ఎత్తు. కాళ్ళను తిప్పే ఆరు వైపరు మోటార్లు మాత్రం అతనివి కావు. అవి భూపాలపల్లి బొగ్గుగనిలో ఫిట్టరు పని చేసే స్నేహితుడు శ్రీపాల్‌వి. దసరా ముందరి శుక్రవారం పొద్దుగూకేలోగా యంత్రం తన కాళ్ళతో పది అడుగులు వేస్తే మోటార్లు అమర్‌సింగ్‌వి. లేకపోతే శ్రీపాల్ కట్టబోయే చక్రాల బండికి. అదీ ఒప్పందం.

ఆ శుక్రవారం ఇవాళే.

టెంటు పొద్దున్నే కళకళలాడుతోంది. తాళ్ళకు ఎవరో తంగేడు పూలు చుట్టారు. పరుపుల మీద మెడలో బంతిపూల దండలతో ముగ్గురు దీక్షలో కూర్చున్నారు. నడిమధ్యన ఉన్నాయన హెడ్ మెకానిక్కు రాజమల్లు. రోజు విడిచి రోజు దీక్ష చేస్తున్నా ఆయన చొక్కా గుండీ ఒక్కటి కూడా వదులు కాలేదు.

ఇంజన్ సెక్షన్లో ఉన్నది ఆరుగురు. ఇవాళ ముగ్గురు పొద్దున్నుంచి సాయంత్రం ఐదింటి నిమ్మరసం దాకా కూర్చుంటారు. మిగతా ముగ్గురు ఊళ్ళో తిరిగి బియ్యం, పప్పు అడిగి తెస్తారు, నీళ్ళు మోస్తారు, కరపత్రాలు పంచుతారు. రేపు వీళ్ళు కూర్చుంటే వాళ్ళు తిరుగుతారు. ఇవాళ అమర్‌సింగ్‌ది తిరిగే వంతు. దుకాణాలు తెరవగానే బజారంతా తిరిగొచ్చి, తన వంతు తీర్చేసుకుని, టెంటు వెనక యంత్రం ముందు చతికిలపడ్డాడు.

జమ్లీ సద్ది పట్టుకుని వచ్చింది. దీక్షలో ఉన్నవాళ్ళ కళ్ళముందు తినడం పాపం, అందుకే టెంటు వెనకాలే మూట విప్పింది.

"చెల్లే, గాలి ఎటు కొడుతుందో జర సూసి ఇప్పు," అని టెంటు లోపలినుంచి రాజమల్లు అరిచాడు. "మిరపకాయ తొక్కు వాసన గిటే వస్తుంది. నా దీక్ష గంగల కలుస్తది!"

"ముక్కు మూసుకో అన్నా, నోరెట్లా మూసుకున్నవ్ గదా," అంది జమ్లీ. టెంటంతా గొల్లుమంది.

ఆమె మొగుడి ముందున్న యంత్రం వైపు చూసింది. దానికి ఆమె పెట్టిన పేరు సవతి. పన్నెండు రోజులుగా మొగుడు తనతో మాట్లాడినదానికంటే దానితోనే ఎక్కువ మాట్లాడుతున్నాడు మరి.

"సవతి అన్నం తిన్నదా?" అని లంబాడీలో అడిగింది.

"సగమే తిన్నది," అన్నాడు అమర్‌సింగ్. "కరెంటు లేదు. బ్యాటరీ సగం కూడా నిండలే."

పన్నెండు గంటలప్పుడు ఫటఫటమంటూ స్కూటరు వచ్చి ఆగింది. దుమ్ము కొట్టుకుపోయిన శ్రీపాల్ దిగాడు. బస్సుల్లేవు కదా, భూపాలపల్లి నుంచి నడుములు పడిపోయేలా నడుపుకుంటూ వచ్చాడు. చంకలో ఖాళీ గోనెసంచి. జేబులో పదో నంబరు స్పానరు. ఆ సంచి మోటార్ల కోసమేనని చూడగానే తెలిసి, అమర్‌సింగ్ చేతిలోని రొట్టెను కింద పెట్టాడు.

"ఏందిరా, నడిచిందా నీ ఎండ్రకాయ?"

"ఎట్ల నడుస్తదిరా? నువ్వు బొగ్గు తవ్వకపోతివి, కరెంటు రాకపాయె, నా బ్యాటరీ నిండకపాయె. తప్పు నీదే!"

"అట్లనా! నీ బస్సు నడవక నేను వంద కిలోమీటర్లు స్కూటరు మీద వస్తి. నా నడుము తప్పు నీది!"

ఇద్దరూ సమ్మెలోనే ఉన్నారు, ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు, ఇద్దరూ నవ్వుకున్నారు. జనగామలో ఒకే లేతు షెడ్డులో పని నేర్చుకున్న రోజుల నుంచీ వాళ్ళ వరస ఇదే. ఆరు కాళ్ళ బొమ్మను మొట్టమొదట సుద్దముక్కతో గీసింది ఆ షెడ్డు గచ్చు మీదే. గీసింది అమర్‌సింగ్. చెప్పుతో చెరిపేసి చక్రాలు గీసింది శ్రీపాల్.

"సరే, నడిపియ్. కండ్లార సూస్త," అన్నాడు శ్రీపాల్.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బస్సు ఇంజన్లో ఆరు సిలిండర్లు ఉంటాయి. అవి ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు అని వరసగా మండవు. మండితే ఇంజన్ ఊగి ఊగి ఊడి చేతికొస్తుంది. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు: ఇదీ వాటి వరస. బస్సు మెకానిక్కును నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతాడు. ఆరు కాళ్ళు బిగించగానే అమర్‌సింగ్‌కు ఆరు సిలిండర్లే కనబడ్డాయి. ఎడమవైపు ముందునుంచి ఒకటి, రెండు, మూడు, కుడివైపు నాలుగు, ఐదు, ఆరు అని తెల్ల పెయింటుతో అంకెలు వేశాడు. వీపు మీద చెక్క రోలరు పెట్టి, దానికి రాగి పట్టీలు కొట్టాడు. రోలరు తిరుగుతుంటే ఏ పట్టీ తగిలితే ఆ కాలికి కరెంటు పోతుంది. ఒక్కసారి వేలితో తోస్తే చాలు, ఆ తర్వాత కాళ్ళ కదలికే దాన్ని తిప్పుతుంది. ఒక చుట్టు పూర్తయ్యాక వేలెడు ఖాళీ జాగా. అక్కడికి రాగానే యంత్రం దానంతటదే ఆగుతుంది. కాళ్ళు లేచే వరస మాత్రం తన ఇంజన్ వరసే. ఇరవై ఆరేళ్ళు అన్నం పెట్టిన వరస, తప్పెట్లా అవుతుంది?

వైరు తగిలించి, రోలరును వేలితో తోశాడు.

ఒకటో కాలు లేచింది, ముందుకు పోయింది, నేలమీద పడి వెనక్కి గుంజింది. జారింది. ఐదో కాలు లేచింది, పడింది, గుంజింది, జారింది. మూడు. ఆరు. రెండు. నాలుగు. టపటపా ఆరు కాళ్ళూ లేచి పడ్డాయి. యంత్రం ఉన్నచోటే ఉంది, వీసమెత్తు కదల్లేదు. దాని కింద దుమ్ము మాత్రం బాగా లేచింది.

"మస్తు తొక్కుతుంది!" అని లోపలినుంచి రాజమల్లు మెచ్చుకున్నాడు. "మట్టి తొక్కించుటానికి కుమ్మరాయనకు ఇయ్యిరా!"

మళ్ళీ నవ్వులు. ఈసారి అమర్‌సింగ్‌కు నవ్వు రాలేదు. ఇది ముప్పయ్యోసారో నలభయ్యోసారో తొక్కడం. స్క్రూలు మార్చాడు, పాదాలు మార్చాడు, కాళ్ళ పొడుగు మార్చాడు. వరస మాత్రం మార్చలేదు. మార్చాలన్న ఆలోచనే రాలేదు.

శ్రీపాల్ కూడా నవ్వలేదు. యంత్రం పక్కన గొంతుక్కూర్చుని, దాని వీపు మీద చేయి వేశాడు.

"అమర్, చెప్తే వినవ్. మనిషి చక్రం కనిపెట్టి వేల ఏండ్లాయె. నువ్వు ఎన్కకు కాళ్ళ కాడికి పోతున్నవ్."

"నీ చక్రం మా తండాకు వస్తదారా? బయ్యారం గుట్ట రాళ్ళమీద నీ చక్రం ఒక్క గజం పోతదా? మా అవ్వ నెత్తిన బిందె పెట్టుకుని ఆ రాళ్ళెక్కింది, గీ జమ్లీ ఎక్కింది. ఎక్కింది కాళ్ళతోనిరా, చక్రాలతోని కాదు."

"మరి నడుస్తలేదు గదరా."

మాటంటే మాటే. శ్రీపాల్ స్పానరు తీసి, ఒకటో కాలి మోటారు నట్టుకు తగిలించాడు. బిగుసుకుపోయిన నట్టు కీచుమంది.

ఆ చప్పుడుకు అమర్‌సింగ్ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఇరవై ఆరేండ్లు, శ్రీపాల్. ఒకరు చేసినదాన్ని బాగు చేసుడే నా బతుకు. ఎవలో చేసిన ఇంజన్, ఎవలో చేసిన గేరుబాక్సు. చెడిపోతే నా కాడికి వస్తయ్, బాగైతే పోతయ్. నా చేతుల పుట్టింది ఒక్కటంటే ఒక్కటి లేదు. సమ్మె అయిపోతే మళ్ళ బస్సుల కింద ఆ గుంతల దిగుడే. గిదొక్కటి నడుస్తే చాలనుకున్న. ఒక్కటి."

శ్రీపాల్ స్పానరు ఆగింది.

జమ్లీ అప్పటిదాకా సద్ది గిన్నెలు కడుగుతూ చూస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, యంత్రం ముందు కూర్చుంది.

"ఒక మాట అడుగుత. తిట్టొద్దు," అంది. "ఒక్క కాలు లేచి, కిందపడి, గుంజుతుంది. అప్పుడు మిగిలిన ఐదు కాళ్ళేం చేస్తున్నయ్?"

"ఏం చేస్తయ్? నిలవడ్డయ్."

"ఐదుగురు గట్టిగ నిలవడి, ఒక్కడు గుంజితే బండి కదులుతదా? ఎవలు గెలుస్తరు?"

అమర్‌సింగ్ వంగి యంత్రం పాదాలను చూశాడు.

"మీ టెంటు ఎట్ల నడుస్తుంది?" అని జమ్లీ అడిగింది. "ఒక్కొక్కడే లేచి ఒక్కొక్కడే కూసుంటున్నడా? ముగ్గురు కూసుంటున్నరు, ముగ్గురు తిరుగుతున్నరు. కూసున్నోళ్ళు టెంటును మోస్తున్నరు, లేచినోళ్ళు ముందట పని చేస్తున్నరు. రెండూ ఒక్కసారే నడవబట్టే పన్నెండు దినాలు నడిచింది. ఆరుగురూ ఒక్కసారి లేస్తే టెంటు కూలుతుండె. ఒక్కడే లేస్తే ఊరు తిరుగకపోతుండె."

"ముగ్గురు నిలవడితే పడిపోదా?" అన్నాడు శ్రీపాల్.

"పొయ్యికి ఎన్ని రాళ్ళు అన్నా?"

"మూడు."

"ఎన్నడన్న పడ్డదా?"

అమర్‌సింగ్ ఇదంతా వింటున్నాడో లేదో తెలీదు. మట్టిలో వేలితో రాస్తున్నాడు. ఎడమవైపు ఒకటి, రెండు, మూడు. కుడివైపు నాలుగు, ఐదు, ఆరు. తన వరసలోని మొదటి మూడు అంకెల చుట్టూ గీత గీశాడు. ఒకటి: ఎడమ ముందు. ఐదు: కుడి నడుమ. మూడు: ఎడమ వెనక. గీత కలిపితే ముక్కోణం. పొయ్యిరాళ్ళలాగా. మిగతావి ఆరు, రెండు, నాలుగు. కలిపితే ఇంకో ముక్కోణం, తిరగేసి పెట్టినట్టు.

వరస తప్పు కాదు. వరసను ఒక్కొక్కటిగా చదవడం తప్పు. ఇరవై ఆరేళ్ళు నోట్లో నానిన అంకెల్ని నడుమకు విరిస్తే చాలు, సమాధానం అందులోనే కూర్చుని ఉంది!

"ఒకటి ఐదు మూడు... ఆరు రెండు నాలుగు," అని మెల్లగా అన్నాడు. తర్వాత గట్టిగా అన్నాడు. తర్వాత లేచి నిలబడి, పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో పదిమంది ముందు ఎన్నడూ చేయని పని చేశాడు. భార్య రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పాడు.

"ఓయ్! గిన్నెలు పడతయ్!" అని జమ్లీ కేకేసింది. ఆమె మొహం మాత్రం మందారంలా ఎర్రబడింది.

విప్పడానికి వచ్చిన స్పానరు బిగించడానికి కూర్చుంది. శ్రీపాల్ గోనెసంచి పరుచుకుని దానిమీద బోర్లా పడుకున్నాడు. ఒకటి, ఐదు, మూడు కాళ్ళు పైకి ఎత్తి బిగించారు. ఆరు, రెండు, నాలుగు కిందికి దించి బిగించారు. ఇక ఆరూ కలిసి తిరిగితే, మూడు గాల్లో ఉన్నప్పుడు మూడు నేలను తోస్తాయి. రోలరు మీది పొట్టి పట్టీలు పీకేసి, కరెంటు ఎక్కడా తెగకుండా చుట్టూరా పొడుగు పట్టీలు కొట్టారు. తొందరలో ఆ వేలెడు ఖాళీ జాగా కూడా పట్టీ కింద కప్పుకుపోయింది. అది ఇద్దరికీ గుర్తు రాలేదు. మనం మాత్రం గుర్తు పెట్టుకుందాం.

నాలుగున్నరకు యంత్రాన్ని టెంటు ముందుకు తెచ్చారు. బ్యాటరీలో మిగిలింది ఒక్క పరుగుకు వస్తే గొప్ప. దీక్షలో ఉన్న ముగ్గురూ పరుపుల మీదే ముందుకు జరిగారు. రోడ్డుకు అవతల, పోలీసు వ్యాను నీడలో కుర్చీ వేసుకున్న ఎస్సై రామ్మోహన్ పేపరు కిందికి దించాడు.

అమర్‌సింగ్ వైరు తగిలించాడు. రోలరును తోశాడు.

మూడు కాళ్ళు లేచాయి. మూడు కాళ్ళు మోశాయి. లేచినవి ముందుకు పోయి దిగాయి, అవి దిగుతుండగానే మోసినవి లేచాయి. వీపు ఒక్కసారి ఊగి, నిలదొక్కుకుంది. యంత్రం మూరెడు ముందుకు జరిగింది.

"ఒకటీ!" అని రాజమల్లు అరిచాడు. పొద్దున్నుంచి మెతుకు తినని మనిషికి ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో. "రెండూ! మూడూ!"

టెంటంతా అందుకుంది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి అందుకున్నారు. ఐదు. ఆరు. అది టెంటు తాడు మీదినుంచి కాలు ఎత్తి వేసినప్పుడు శ్రీపాల్ చప్పట్లు కొట్టాడు. చక్రమైతే ఆ తాడుకు చుట్టుకుని అక్కడే చచ్చేది, ఆ సంగతి అతనికి తెలుసు. తొమ్మిది. పది!

విజిళ్ళు, కేకలు. శ్రీపాల్ పదో నంబరు స్పానరును గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. "నీవేరా! ఆరు మోటార్లూ నీవే!"

"పదకొండూ!" అన్నాడు రాజమల్లు. "పన్నెండూ... అరే అమర్‌సింగ్, ఇగ ఆపురా!"

యంత్రం ఆగలేదు. ఆగే జాగా పట్టీ కింద ఉంది.

"బ్రేకేదిరా?" అన్నాడు శ్రీపాల్.

"పెట్టలే," అన్నాడు అమర్‌సింగ్.

"ఇరవై ఆరేండ్లు బస్సులకు బ్రేకులు జూసినోడివి, బ్రేకు పెట్టలేదా!"

అమర్‌సింగ్ దాని వెంట నడిచాడు. వైరు పీకితే ఆగుతుంది. వంగి చేయి చాపాడు కూడా. చేయి వైరు దాకా పోయి, అక్కడే ఉండిపోయింది. దాన్ని ఆపబుద్ధి కాలేదు. తన పక్కన, తన అడుగుకు అడుగు కలిపి నడుస్తున్న వస్తువును చూస్తుంటే కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అతని వెనక శ్రీపాల్, వాళ్ళ వెనక జమ్లీ, ఆ వెనక దుకాణాలవాళ్ళు, ఎంత లేదన్నా పాతికమంది.

యంత్రం రోడ్డు దాటింది. తిన్నగా పోయి పోలీసు వ్యాను వెనక ఫుట్‌బోర్డుకు తగిలి, అక్కడ నిలబడి తొక్కడం మొదలుపెట్టింది.

ఎస్సై లేచి టోపీ సర్దుకున్నాడు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏందయ్యా ఇది? ఎవలు చేసిండ్రు?"

ఎవరు బాగు చేశారు అని కాదు. ఎవరు చేశారు అని. ఇరవై ఆరేళ్ళలో అమర్‌సింగ్‌ను ఎవరూ అడగని ప్రశ్న అది. మాట గట్టిగానే వచ్చింది.

"నేను సార్. నేనే చేసిన."

ఎస్సై తల ఊపాడు. అతని పెదాల మీద నవ్వుందో లేదో మీసాల చాటున తెలియలేదు. పాతికమంది జనం వైపు చూశాడు.

"రోడ్డు మీద ఊరేగింపు తీయొద్దని పొద్దుగాలనే చెప్పిన. తీసిండ్రు. ఇగ నా పని నేను చెయ్యాలె. వ్యాన్ల ఎక్కించుండ్రి."

"ఎవల్ని సార్?" అన్నాడు కానిస్టేబుల్.

"ముందట నడిచినదాన్ని!"

ఇద్దరు కానిస్టేబుళ్ళు యంత్రాన్ని ఎత్తడానికి వంగారు. స్టేషనులోకి పోయిన వస్తువు మళ్ళీ బయటికి ఎప్పుడొస్తుందో, ఏ రూపంలో వస్తుందో ఎవరికెరుక?

"ఆగుండ్రి!"

అరిచింది శ్రీపాల్. ముప్పై ఏళ్ళ కింద ఆరు కాళ్ళ బొమ్మను చెప్పుతో చెరిపేసిన శ్రీపాల్, చక్రాల శ్రీపాల్, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

"చెయ్యి పెట్టకుండ్రి సార్. దానికి కాళ్ళున్నయ్. అదే ఎక్కుతది!"

"ఎక్కుతదా?" అన్నాడు ఎస్సై, అమర్‌సింగ్ వైపు తిరిగి. "గట్ల అయితే సూద్దాం. మెట్టెక్కితే మా వ్యాన్ల కాదు, మీ టెంటుల పెట్టుకోండ్రి. ఎక్కకపోతే స్టేషనుకు పోతది."

ఫుట్‌బోర్డు జానెడు ఎత్తుంది. యంత్రం ఇప్పటిదాకా ఎక్కింది ఒక్క టెంటు తాడు. బ్యాటరీ అడుగంటి, వీపు మీద రోలరు అప్పుడే నీరసంగా తిరుగుతోంది.

"ఏందిరా ఆ మాట! ఎక్కుతదో లేదో నాకే తెల్వదు," అని అమర్‌సింగ్ శ్రీపాల్ చెవిలో గొణిగాడు.

"నాకు తెలుసు," అంది పక్కన జమ్లీ.

తెల్ల పెయింటుతో 'ఒకటి' అని రాసిన కాలు లేచింది. ఫుట్‌బోర్డు అంచుకు తగిలి జారింది. మళ్ళీ లేచింది. టైరు ముక్క పాదం ఇనుప అంచును పట్టుకుని, ఈసారి జారకుండా నిలిచింది. వెనకాల, మోటార్ల చప్పుడు సన్నబడుతుండగా, ఐదూ మూడూ నేలను తోయడం మొదలుపెట్టాయి.